గెడ మీద చొక్కా

లూడీ పెడల్ మీంచి కాలు తీసేసరికి, పడవని తోసే వెనక ఫ్యాను గొణుక్కుంటూ ఆగిపోయింది. ఎయిర్‌బోటు తన ఊపు మీద తనే జారుకుంటూ వెళ్ళి కలువాకుల అంచున నిలబడింది. దానికి బ్రేకులుండవు, వెనక్కి నడవదు. ఎక్కడ ఆగాలో అక్కడికి చాలా ముందే ఇంజను తగ్గించాలి, ఆ లెక్క లూడీ కాలికి తెలుసు. కింద బెంచీల మీద కూర్చున్న జనం చెవుల డిప్పలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అంతసేపటి మోత తర్వాత వచ్చిన నిశ్శబ్దానికి ఎవరికి వాళ్ళే గొంతులు తగ్గించారు.

"ఫోన్లు రెడీ చేసుకోండి. కాళ్ళూ చేతులూ మాత్రం పడవలోనే ఉంచుకోండి, మళ్ళీ ఇంటికి పట్టుకెళ్ళాలి కదా," అంది లూడీ. రోజూ చెప్పే మాటే. రోజూ నవ్వే చోటే నవ్వారు.

ఎత్తు సీటు మీంచి కొద్దిగా ముందుకు వంగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు అడుగునించి పిలిచింది. "అంక్... అంక్... అంక్."

అది గుడ్డులోంచి బయటపడి నెలైనా నిండని మొసలిపిల్ల గొంతు. మామూలు గొంతు కూడా కాదు. ఎవరో పట్టుకున్నారు, పరిగెత్తుకు రావే అమ్మా అని ఏడ్చే గొంతు. ట్రెయిల్ రోడ్డు పొడుగునా ఉన్న పడవల రేవుల్లో అలా పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, వాళ్ళు పిలిస్తే దూడకి పొలమారినట్టుంటుంది. లూడీ పిలిస్తే తల్లి రావాల్సిందే. అందుకే ఆమె మేనమామ హార్లన్ రేవు ముందు, రోడ్డు పక్కన, మనిషికన్నా ఎత్తు బోర్డు రాయించి పెట్టాడు: పిలిస్తే పలికే తల్లి మొసలి, మా దగ్గర మాత్రమే.

ఆ తల్లి పేరు క్వీనీ. పిల్లలు పుట్టిన కొత్తల్లో లూడీ రెండో పిలుపు పూర్తికాకముందే కలువాకులు చీల్చుకుంటూ, నోరు తెరుచుకుని, పడవ మీదికి దూకినంత పని చేసేది. జనం కెవ్వుమనేవాళ్ళు. ఆ కేక కోసమే ఎక్కడెక్కడి నించో వచ్చేవాళ్ళు. ఇవాళ లూడీ పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచింది. చాలాసేపటికి ఒక తల నీటిపైకి తేలింది. సగం దూరం వచ్చి, పడవని చూసి, అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, ఇంకా దగ్గరికి రాదా?" అన్నాడు ముందు బెంచీ మీద మనిషి.

లూడీ జవాబు చెప్పబోతుండగా ఎడమ పక్క గడ్డిలోంచి అదే పిలుపు వినిపించింది. అంక్, అంక్, అంక్. లూడీ నోరు మూసుకునే ఉంది. ఒక పెద్ద నీలికొంగ రంపపుగడ్డి పక్కన ఒంటికాలి మీద నిలబడి, మెడ చాచి, నీళ్ళలోంచి ఒక పిల్లను ఎత్తింది. పసుపు పట్టీల చిన్న తోక దాని ముక్కు పక్కన కొట్టుకుంటోంది. మిగతా పిల్లలన్నీ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాయి. క్వీనీ అక్కడికి పెద్ద దూరంలో లేదు. ఒక్క తోకవేటు వేస్తే చేరుకునేంతలో ఉంది. కాని కదల్లేదు. ఆ రెండు కళ్ళూ పడవ వైపే చూస్తున్నాయి, ఏడవండి ఏడవండి, ఎంతసేపు ఏడుస్తారో చూస్తాను అన్నట్టు. కొంగ తల వెనక్కి వాల్చి మింగేసింది. మళ్ళీ వంగింది.

"అబ్బ, ఏం అదృష్టం! మొత్తం వీడియోలో వచ్చింది!" అంది వెనక బెంచీలో ఒకావిడ. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

లూడీ గెడ అందుకుని నీళ్ళ మీద గట్టిగా కొట్టింది. కొంగ విసుక్కుంటూ లేచిపోయింది. లూడీ చెయ్యి తనకి తెలీకుండానే గొంతు మీదికి వెళ్ళింది. తిరుగుదారి పొడుగునా జనానికి ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

రేవులో హార్లన్ తాళ్ళు అందుకున్నాడు. పొట్టా మీసం రెండూ సమానంగా పెంచిన మనిషి. జనం దిగి కౌంటరు దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, "ఏమే, ఇవాళ కేకలు వినపడలేదు? గొంతుకి జలుబు చేసిందా? మీ అత్తయ్యనడిగి తేనె నాకు," అన్నాడు.

"పిల్ల నిజంగా ఏడిస్తే రాలేదు మామయ్యా. కొంగ దాని కళ్ళముందే మింగింది. ఏడ్చింది నేనే అనుకుంది."

"నువ్వే అనుకున్నానమ్మా అని మొసలి వచ్చి నీతో చెప్పిందా?"

రెండో పడవ నడిపే కోయ్ ఇంజనులో నూనె పోస్తున్నవాడు ఆపి మరీ నవ్వాడు.

"నేనింక పిలవను," అంది లూడీ.

"పిలవకపోతే ఏం చూపిస్తావు జనానికి? నా మొహమా?"

"ఆ మొహం చూడ్డానికైతే, కట్టుకున్నదాన్ని, నేనే టిక్కెట్టు కొనను," అంది కౌంటరు వెనకనించి హార్లన్ భార్య వెర్డీ. ఉడికిన వేరుశనక్కాయలు పొట్లాలు కడుతూ, తలెత్తకుండా.

అందరూ నవ్వారు, లూడీ తప్ప. హార్లన్ అది గమనించాడు. గమనించి, గమనించనట్టు తాడు ముడి వేసుకున్నాడు.

తర్వాతి ట్రిప్పులో లూడీ క్వీనీ ఉండే మడుగు వైపు తిప్పనే లేదు. నీళ్ళ మీద కలువాకులు తొక్కుకుంటూ నడిచే ఊదారంగు నీటికోడిని చూపించింది. నత్తను పెంకులోంచి ఊడబెరికి తినే గద్దను చూపించింది. పడవ కింద తేటనీళ్ళలో కర్రల్లా కదలకుండా నిలబడ్డ పొడుగుమూతి చేపల్ని చూపించింది. సగం మంది నోళ్ళు తెరుచుకుని చూశారు. మిగతా సగం, "తల్లి మొసలి ఎప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. దిగాక ఒకాయన హార్లన్ని బోర్డు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివి వినిపించాడు.

హార్లన్ అరవలేదు. లోపలికి వెళ్ళి వెర్డీ ఏప్రన్ తెచ్చి లూడీ చేతికిచ్చాడు. "నీ గొంతుకి రెస్టు కావాలి. కొన్నాళ్ళు వంటింట్లో ఉండు. కప్పకాళ్ళు వేగుతున్నప్పుడు నూనె అరుస్తుంది, అది చాలు."

లూడీ ఏప్రన్ కట్టుకుంది. పౌరుషం లేక కాదు. ఆ పూట తను వెళ్ళిపోతే మడుగులో ఏం జరుగుతోందో తెలిసే దారి ఉండదు. కప్పకాళ్ళు మొక్కజొన్నపిండిలో దొర్లించి నూనెలో వేస్తూ, కిటికీలోంచి పడవలు వెళ్ళడం రావడం చూస్తూ నిలబడింది.

రెండు రోజుల తర్వాత ఒక సాయంత్రం కోయ్ వంటింటి గుమ్మంలో ఆనుకుని, పునుగొకటి నోట్లో వేసుకుని, ఫోను నొక్కాడు. అంక్, అంక్, అంక్.

లూడీ చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. "ఒరేయ్, అది నా గొంతు."

"ఎవరో టూరిస్టు వీడియో తీసి పంపాడు. హార్లన్ దాన్ని నా ఫోనులో వేయించాడు, చిన్న స్పీకర్ కూడా కొన్నాడు. గొంతు నీదే, ఫోను నాది," అన్నాడు కోయ్. చెడ్డవాడు కాదు, కాని ఏ గాలికి ఆ చాప ఎత్తే రకం. "మొదట రాలేదు. ఓ పది సార్లు నొక్కాక తల బయట పెట్టింది. అంత చాల్లే, జనం సర్దుకుపోతున్నారు."

"పది సార్లా?"

"నీకైతే గొంతు నొప్పి పుడుతుంది. దీనికి పుట్టదుగా," అని ఇంకో పునుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

లూడీకి ఒళ్ళు మండిపోయింది. తను నోరు మూసుకున్నా తన గొంతు మూతపడలేదు. తను లేని చోటికి వెళ్ళి మరీ ఆ తల్లికి అబద్ధం చెబుతోంది. మామయ్యతో వాదించి లాభం లేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చెబితే ఎక్కనిది అనుభవిస్తే గాని ఎక్కదని, పొయ్యి ఆర్పి గిన్నెలు తోముతున్నంతసేపూ ఆలోచించి, ఒక నిశ్చయానికి వచ్చింది.

ఈ గడ్డినీళ్ళలో ఎవరూ రాసిపెట్టని చట్టం ఒకటుంది. ఇంజను చెడి పడవ ఇరుక్కుంటే నడిచి రావడానికుండదు. కింద బురద, చుట్టూ చర్మం చీరేసే రంపపుగడ్డి, రోడ్డు కట్ట దాటితే ఫోన్లు పలకవు. అందుకని గెడ నిలబెట్టి దాని చివర చొక్కా కడతారు. ఆ చొక్కా కనపడితే, ఎంత తొందరలో ఉన్నవాడైనా, ఎంత పగవాడిదైనా, పడవ తిప్పి వెళ్ళాల్సిందే. చూసి కూడా తిప్పకుండా పోయినవాడికి ఏ రేవులోనూ మంచినీళ్ళు పుట్టవు. అలాగే, అవసరం లేకుండా చొక్కా ఎత్తినవాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున లూడీ వాళ్ళ నాన్న పాత పడవ దింపింది. ఒంటిసీటు పడవ, ఇంజను నడుస్తూనే దగ్గుతుంది. మడుగు పక్కన, పడవలన్నీ వెళ్ళే పెద్దకాలవకి కనపడేలా ఆపింది. గెడ బురదలో దించి, ఎర్రచొక్కా చివర కట్టి, సీటు మీద కూర్చుంది.

మొదట వచ్చింది పక్క రేవు డెల్మార్. హార్లన్ ఈడువాడు, ఆయనకి చిన్నప్పటి నించీ స్నేహితుడు. పడవ నిండా జనంతో అంత దూరంనించి తిప్పుకుని వచ్చి, ఆగుతూనే పనిముట్ల పెట్టె తెరిచాడు. "ఏమైందమ్మా? బెల్టా, ప్లగ్గులా?"

"ఏమీ కాలేదు బాబాయ్."

"మరి చొక్కా?"

"ఊరికే ఎత్తాను."

డెల్మార్ పెట్టె మూయడం కూడా మర్చిపోయి చూశాడు. "ఊరికే ఎత్తడమేంటమ్మా?" అన్నాడు. ఆ పెద్దాయన మొహం చూసి లూడీకి నిజంగా సిగ్గేసింది. కాని చొక్కా దించలేదు. ఆ తర్వాత ఇంకో రేవు పడవ వచ్చింది. ఆ తర్వాత కోయ్ వచ్చి, విషయం విని, "నీకు బుర్ర తిరిగింది," అని వెళ్ళిపోయాడు. అందరికీ ఒకే జవాబు చెప్పింది.

రెండో పొద్దున మళ్ళీ ఎత్తింది. డెల్మార్ ఈసారి దగ్గరికి రాలేదు. పెద్దకాలవలోనే ఇంజను తగ్గించి, "నిజమా, ఊరికేనా?" అని కేకేశాడు. ఊరికేనని లూడీ చెయ్యూపింది. డెల్మార్ ఏదో అన్నాడు, వినపడకపోవడమే మంచిదయింది. ఇంకాసేపటికి హార్లన్ స్వయంగా వచ్చాడు, ఒక్కడే, పెద్ద పడవలో. ఇంజను ఆపీ ఆపకముందే మొదలుపెట్టాడు.

"నా పరువు తీయడానికే పుట్టావటే నువ్వు? రోడ్డు పొడుగునా అందరూ నన్నే అడుగుతున్నారు, మీ పిల్లకేమైందని! అలగడానికి ఇంట్లో చోటు లేదా? చొక్కాతోనా ఆటలు?"

"ఆట కాదు మామయ్యా."

"మరేంటి? ఇలాగే రోజూ ఎత్తుతూ పో. రేపు నిజంగా ఇరుక్కుంటావు. అప్పుడెవడొస్తాడే నీకోసం? ఎవడూ రాడు. నీ ఏడుపు నువ్వే ఏడవాలి."

"ఎవరూ రారు కదా?"

"రారంటే రారు!"

"క్వీనీ కూడా అందుకే రావట్లేదు."

హార్లన్ తల తిప్పాడు. మడుగు వైపు ఒకసారి చూశాడు. అక్కడ కలువాకుల మధ్య పిల్లలు కొన్నే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎండ కాగుతున్నాయి. కొన్నాళ్ళ కిందట అక్కడ గుత్తులు గుత్తులుగా ఉండేవి. ఆయన మీసం కదిలింది, ఏదో మంచిమాటే వస్తుందేమో అని లూడీకి క్షణం ఆశ కలిగింది.

"మొసలీ మనమూ ఒకటేంటే?" అని విసురుగా ఇంజను వేశాడు హార్లన్. ఫ్యాను గాలికి నీళ్ళన్నీ లేచి లూడీని నిలువునా తడిపేశాయి.

మూడో పొద్దున ఎవరూ రాలేదు. డెల్మార్ పడవ పెద్దకాలవలో వెళ్ళింది. ఆయన ఎత్తు సీటు మీద నిటారుగా కూర్చుని, తల కూడా తిప్పలేదు. ఆ వెనక ఇంకో రెండు వెళ్ళాయి. మోత దూరమైపోయాక గడ్డిలో కప్పల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇదే కదా తను కోరుకున్నది? అయినా లూడీ ఇంజను పలుకుతుందో లేదోనని గబగబా తాడు లాగి చూసుకుంది. పలికింది. ఒంటరిగా ఉండడమంటే ఇదన్నమాట అనుకుంది. భయమేసిందని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకుంది గాని, రేపు కూడా రావాలనే అనుకుంది.

ఆ మధ్యాహ్నం కోయ్ కూతురికి పన్ను నొప్పని పట్నం వెళ్ళాడు. ఫోనూ స్పీకరూ హార్లన్ చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు. హార్లన్ తనే జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. లూడీ కిటికీలోంచి చూసింది. మామయ్య ఆమె వైపు చూడకుండా టోపీ సర్దుకున్నాడు.

రావలసిన వేళ దాటింది. వెర్డీ టిక్కెట్లు చింపుతూ రెండుసార్లు కాలవ వైపు తలెత్తి చూసింది. దక్షిణాన మబ్బు నల్లబడుతోంది. ఈ కాలంలో మధ్యాహ్నాలు అంతే, చెప్పకుండా పిడుగులతో వస్తుంది వాన. "ఆ పడవలో రేడియో బాగు చేయించమని ఎన్నాళ్ళనించి మొత్తుకుంటున్నానో," అని తనలో తనే అనుకుంది.

అప్పుడొచ్చాడు డెల్మార్. తన ట్రిప్పులు ముగించుకుని, రోజూలాగే చల్లటి టీ కోసం. గ్లాసు అందుకుని, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, గొంతు తగ్గించాడు. "వెర్డీ, కాస్త నువ్వైనా మీ పిల్లకి బుద్ధి చెప్పు. పొద్దున ఒకసారి అయింది కదా. ఇప్పుడు మళ్ళీ ఎత్తి కూర్చుంది. దూరంనించి సరిగా కనపళ్ళేదు గాని, ఈసారి పక్కన జనాన్ని కూడా పోగేసినట్టుంది. చొక్కా ఊపుతోంది కూడాను. మేమూ చేతులూపి వచ్చేశాం."

లూడీ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో చిల్లుల గరిటె, ఏప్రన్ నిండా పిండి.

డెల్మార్ ఆమెను చూశాడు. గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"ఎంతసేపయింది బాబాయ్?" అంది లూడీ.

"అటు వెళ్తూ చూశాను... తిరిగొస్తూ కూడా చూశాను," అన్నాడు డెల్మార్. అప్పటికే పరిగెడుతున్నాడు.

లూడీ పాత పడవలో ముందు, డెల్మార్ పెద్ద పడవలో వెనక. గాలి ఎదురుకొడుతోంది. కాలు అదిమి ఉంచి, చుక్కాని కర్ర రెండు చేతులా పట్టుకుని, లూడీ దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగే మొహం లేదనిపించింది. ఎవరికేమైనా సరే అది తన చేతిమీదుగా అయినట్టే.

మడుగు పక్కన పెద్ద పడవ కనిపించింది. గెడ చివర తెల్లచొక్కా. కింద హార్లన్, పైన బట్ట లేకుండా, ఉడికిన ఎండ్రకాయలా ఎర్రగా కమిలిపోయి నిలబడి ఉన్నాడు. జనం నీడ కోసం బెంచీల పక్కకి చేరి ముడుచుకుని కూర్చున్నారు. ఒక ముసలావిడ మనవరాలి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఫ్యాను రెక్క ఒకటి సగానికి విరిగి వేలాడుతోంది. పిలిచి పిలిచి క్వీనీ రాకపోయేసరికి విసుగెత్తి, ఫోను సీటు అంచున పడేసి ఇంజను వేశాడట హార్లన్. గాలి లాగేసి ఫోనుని నేరుగా రెక్కల్లో పడేసింది. టోపీలు జాగ్రత్త అని జనానికి రోజుకి పదిసార్లు చెప్పే మనిషి చేసిన పని అది.

లూడీ ముసలావిడ తల ఎత్తి నీళ్ళు తాగించింది, తడిగుడ్డ మెడకి చుట్టింది. ఆవిడ కళ్ళు తెరిచి, "పడవలు చాలా వెళ్ళాయమ్మా. మేమందరం అరిచాం. వాళ్ళు మాకు చేతులూపారు," అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో, ఆశ్చర్యమే ఉంది. డెల్మార్ అటు తిరిగి నిలబడ్డాడు. లూడీ గుడ్డ మళ్ళీ తడిపి పిండింది.

జనాన్నంతా డెల్మార్ పడవలోకి మార్చి పంపేశారు. చెడిన పడవని కట్టి లాగడానికి ఆయన తిరిగొచ్చేదాకా హార్లనూ లూడీ మిగిలారు. చొక్కా తొడుక్కోబోయి, కమిలిన భుజాలకి తగిలేసరికి ఆపి, చేతిలోనే పెట్టుకున్నాడు హార్లన్.

"తప్పయిపోయింది మామయ్యా," అంది లూడీ. "ఆవిడకేమైనా అయ్యుంటే..."

"అయ్యుంటే నిన్ను నేనే నీళ్ళలో తొక్కేవాణ్ణి."

"తొక్కాల్సిందే."

ఉరుము దగ్గరికొచ్చింది. "డెల్మార్ నాకు చెయ్యూపాడే," అన్నాడు హార్లన్. "నా పెళ్ళికి పక్కన నిలబడ్డవాడు. నేను గొంతు చించుకుంటున్నాను. వాడు చెయ్యూపి పోయాడు."

లూడీ తల వంచుకుంది.

"ఇంజను లేకపోతే ఇక్కడ ఎంత చప్పుడుంటుందో మర్చిపోయాను. ఇందాక కొంగొచ్చింది. ఒకటే ఏడుపు అవి. అదిగో, ఆ దుంగ పక్కనే ఉంది వాటి తల్లి. నేను చూస్తూనే ఉన్నాను. కొంగ రెండింటిని ఎత్తుకుపోయింది. చెవుల డిప్పలు విసిరాను, తగల్లేదు. వెళ్ళవే, నీ పిల్లలే వెళ్ళవే అని అరిచాను కూడా, పిచ్చోడిలాగ, అందరి ముందూ." ఆయన చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. చెమటో ఏమో. "ఎన్నాళ్ళు పడుతుందే దానికి?"

"తెలీదు మామయ్యా. మళ్ళీ అబద్ధం వినపడకుండా ఉంటే, బహుశా..."

"బహుశానా?"

"అంతకన్నా నాకూ తెలీదు."

వాన వాళ్ళ మీద పడింది. ఇద్దరూ డెల్మార్ వచ్చేదాకా అలాగే తడుస్తూ కూర్చున్నారు.

మర్నాడు హార్లన్ పడవలు దింపలేదు. కమిలిన భుజాలకి వెర్డీ మందు రాస్తుంటే, నీ చేతులు రంపపుగడ్డిలా ఉన్నాయని తిడుతూ, రాయించుకుని బయల్దేరాడు. ట్రెయిల్ రోడ్డు మీద ఒక్కొక్క రేవు దగ్గరా ఆగాడు. వెంట లూడీ. ప్రతిచోటా టోపీ తీసి ఒకటే మాట: మా రేవునించి ఇక మీదట చొక్కా లేస్తే అది నిజం, రండి. ప్రతిచోటా లూడీ ముందుకొచ్చి, తప్పు నాది అని చెప్పింది. కొందరు భుజం తట్టారు. కొందరు మొహం మీదే, చూద్దాంలే అన్నారు. చూద్దాంలే అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకునే హక్కు వాళ్ళిద్దరికీ లేదు. సాయంత్రం హార్లన్ నిచ్చెన వేసుకుని బోర్డు మీద పెయింటు పూశాడు. అడుగు అక్షరాలు ఇంకా మసక మసగ్గా కనపడుతూనే ఉన్నాయి.

"మరి జనానికేం చూపిస్తాం?" అన్నాడు కోయ్.

"ఉన్నవాటిని," అంది లూడీ.

ఆమె మళ్ళీ పెద్ద పడవ ఎక్కింది. మడుగు దగ్గరికి ఏ పడవా వెళ్ళకూడదని హార్లన్ తనే చెప్పాడు. డెల్మార్ కూడా తన రేవువాళ్ళకి చెప్పాడు. టూర్లు మొదలవకముందు, పొద్దున్నే, లూడీ మాత్రం పాత పడవలో వెళ్ళి, దూరంగానే ఇంజను ఆపేసి, గెడ వేసుకుంటూ చప్పుడు కాకుండా గడ్డి అంచుదాకా చేరేది. కూర్చునేది. నోరు విప్పేది కాదు.

మొదటిరోజు కొంగ వచ్చింది. పిల్లలు ఏడ్చాయి. క్వీనీ కదల్లేదు. గెడతో కొంగను తరిమేద్దామని లూడీ సగం లేచి, మళ్ళీ కూర్చుంది. తను తరిమితే ఆ తల్లి ఇంకెప్పుడు లేస్తుంది? పిల్ల ఒకటి పోయింది. గుండె రాయి చేసుకోవడమంటే ఏమిటో ఆ పొద్దున ఆమెకి తెలిసింది. రెండోరోజూ అంతే. ఆ మర్నాడు కొంగ రాలేదు. వెళ్ళి ఏం లాభమని వెర్డీ అడిగితే, లాభం కోసం కాదు అత్తయ్యా అని మళ్ళీ వెళ్ళింది.

వారం చివర్లో ఒక పొద్దున, నీళ్ళ మీద పొగ ఇంకా విడవలేదు, కొంగ వచ్చి వంగింది. ఒకే ఒక్క పిల్ల అరిచింది, అదీ సగమే. దుంగ పక్కన నీళ్ళు ఉబ్బాయి. కలువాకులు రెండుగా చీలిపోయాయి. కొంగ లేచేలోపు క్వీనీ నోరు దాని కాళ్ళ కింద టప్పున మూసుకుంది. నాలుగు ఈకలు నీళ్ళ మీద పడ్డాయి. పిల్లలన్నీ ఏడుస్తూ తల్లి వైపు ఈదాయి. లూడీ ఊపిరి బిగబట్టి చూస్తోంది. అప్పుడు క్వీనీ తల తిప్పి పడవను చూసింది.

అరిచే టైము కూడా ఇవ్వలేదు. బుస కొడుతూ వచ్చి పడవ పక్క రేకుని ఢీకొట్టింది. లూడీ సీటు మీంచి పడవలోకి దొర్లింది, లేచింది, గెడ పట్టుకుంది. వెనక్కి నడవని పడవ, ముందు నోరు తెరుచుకున్న తల్లి. బురదలో గెడ దించి ఉన్న బలమంతా పెట్టి తోసింది. "పోతున్నా, పోతున్నానమ్మా! ఇదిగో, వెళ్ళిపోతున్నా!" అంటూ తోసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీలేదు. ఇంజను వేస్తే బెదురుతుందని పెద్దకాలవ దాకా గెడతోనే వచ్చింది.

రేవులో హార్లన్ తాడు అందుకుని, ఆమె మోకాళ్ళ మీద బురదా, పడవ పక్కన కొత్తగా పడిన సొట్టా చూశాడు. ఆమె మొహం వంక చూస్తూ నిలబడ్డాడు.

"కరవబోయింది మామయ్యా," అంది లూడీ.

"కొంగనా?"

"దాన్నీ కరవబోయింది. ఆ తర్వాత నన్ను," అంది లూడీ, మొహమంతా వెలిగిపోతుండగా.